నొప్పి చెప్పుకోని మనుషులు

మాజీ సైనికుల డిసేబిలిటీ పెన్షన్ కేసుల్లో నాకు చట్టం కంటే కష్టమైన పని, సిపాయి చేత నోరు విప్పించడం. హవల్దార్లు, నాయక్‌లు ఫైలు బల్ల మీద పెట్టి నిటారుగా కూర్చుంటారు. "నడుము నొప్పి ఎప్పటి నుంచి?" అంటే "అంతేం లేదు సార్, బాగానే ఉంది" అంటారు. పక్కనున్న ఇల్లాలు ఉండబట్టలేక, "రాత్రిపూట పక్క మీద ఒత్తిగిల్లలేరండీ" అంటుంది. కేసు అక్కణ్ణుంచి మొదలవుతుంది.

వాళ్ల మౌనానికి కారణముంది. యూనిట్‌లో మాటిమాటికీ సిక్ రిపోర్ట్ చేస్తే మంచి పేరుండదు, మెడికల్ కేటగిరీ తగ్గితే ప్రమోషన్‌కు దెబ్బ. మాత్ర మింగి పరేడ్‌కు వెళ్లిన రోజులు ఏ కాగితంలోనూ ఉండవు. సర్వీసు ముగిశాక ఆ ఖాళీయే ఆయనకు ఎదురు సాక్ష్యమవుతుంది. జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు అని మెడికల్ బోర్డు రాస్తుంది. పీస్ స్టేషన్‌లో, అంటే యుద్ధక్షేత్రం కాని మామూలు చోట మొదలైంది కాబట్టి అంటుంది. జబ్బు ఫీల్డ్ ఏరియాలో మొదలైందా, పీస్‌లో మొదలైందా అన్నది ముఖ్యం కాదని సైన్యం మెడికల్ నిబంధనలే చెబుతున్నా ఆ వాక్యం ఫైలు తర్వాత ఫైలులో కనిపిస్తూనే ఉంటుంది.

నా చేతిలోని పెద్ద ఆయుధం ధరమ్‌వీర్ సింగ్ కేసు. ఆయన 1985లో సిగ్నల్స్ కోర్‌లో చేరారు. చేరినప్పుడు ఏ జబ్బూ నమోదు కాలేదు. 1994లో మూర్ఛ కారణంగా, 20 శాతం వైకల్యంతో ఇంటికి పంపారు. అది శరీరతత్వం వల్ల వచ్చిన జబ్బని పెన్షన్ ఇవ్వలేదు. హైకోర్టు సింగిల్ జడ్జి ముందు గెలిచి, డివిజన్ బెంచి ముందు ఓడి, చివరికి 2013లో సుప్రీంకోర్టులో నెగ్గారు. చేరేనాటి రికార్డులో జబ్బు లేకపోతే, తర్వాత వచ్చింది సర్వీసు వల్లేనని భావించాలని, దాన్ని నిరూపించే భారం సైనికుడిది కాదని, సందేహముంటే దాని లాభం ఆయనకే ఇవ్వాలని కోర్టు చెప్పింది. అందుకే నేను ముందు చూసేది చివరి బోర్డు కాగితం కాదు, భర్తీనాటి వైద్య పరీక్ష.

డబ్బు లెక్కా చెప్పాలి. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు. ఆ లెక్కన 20 శాతానికి వచ్చేది 6 శాతమే. ఆ 20 శాతం వైకల్యాన్నే నిబంధన ప్రకారం 50కి పెంచి లెక్కగడితే 15 శాతం అవుతుంది. అలా పెంచే లాభం పూర్తికాలం పనిచేసి రిటైరైనవాళ్లకూ వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చిన్న పింఛను మీద బతికే ఇంటికి ఆ తేడా నెలవారీ మందుల ఖర్చు.

ఇలాంటి చిన్న మొత్తాల కోసం ప్రభుత్వం పైకోర్టుల దాకా వెళ్లడం నాకు బాధగా ఉంటుంది. వికలాంగ సైనికులపై వేసే అప్పీళ్లు తగ్గించాలని రక్షణమంత్రి నియమించిన నిపుణుల కమిటీయే 2015లో సూచించింది. ఆ సూచన పూర్తిగా అమలవ్వాలని నేను ప్రతి వేదిక మీదా అడుగుతాను.

అయితే సైనికుడు కేసు వేయడంలో ఆలస్యం చేస్తే నష్టం తప్పదు. 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం, ఆలస్యంగా వచ్చిన కేసుల్లో బకాయిలు సాధారణంగా దాఖలుకు ముందు మూడేళ్లకే దక్కుతాయి. ఆంధ్ర, తెలంగాణ సైనికుల కేసులు సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. మీ ఇంట్లో మిలిటరీ పెద్దాయన ఉంటే ఆయన బోర్డు కాగితం అడిగి చూడండి. అది పోయి ఉంటే రికార్డ్స్ ఆఫీసుకు నకలు కోసం రాయండి. ఆయనంతట ఆయన అడగరు.