మత్తడి దుంకని రోజు

చెరువు ఫొటో అంటే అందరికీ మత్తడే గుర్తొస్తుంది. మత్తడి దుంకిందంటే కట్ట మీద జాతరే, ప్రతి చేతిలో సెల్‌ఫోనే. ఆ సంబురం నిజమైనదే. కానీ నిండిన రోజున చెరువులన్నీ ఒక్కతీరుగా కనబడతాయి. బయ్యారం పెద్దచెరువైనా, గణపురం గణపసముద్రమైనా ఫొటోలో మిగిలేది నీళ్లూ ఆకాశమే. చెరువుకు ఏమవుతోందో తెలియాలంటే ఒకే తావున నిలబడి ఏళ్ల తరబడి, ముఖ్యంగా ఎండాకాలంలో, తీసిన ఫొటోలు కావాలి.

ఈ పద్ధతి పాతదే. 1888లో సెబాస్టియన్ ఫిన్‌స్టర్‌వాల్డర్ ఆల్ప్స్ హిమానీనదాల మార్పును పట్టుకోవడానికి దీన్ని మొదలుపెట్టాడు. మనకు ఇంకా తేలిక. తూము, కట్ట, మత్తడి, ఈ కదలని గుర్తులను కాకతీయుల కాలంవాళ్లే పెట్టిపోయారు. ఫొటో ఎడమ అంచున తూము రాయి, దూరాన గుట్ట కొస పడేలా నిలబడితే, పదేళ్ల తర్వాత వచ్చినవాళ్లకూ ఆ చోటు దొరుకుతుంది. లెన్సు మార్చకూడదు, కెమెరా ఎత్తు మార్చకూడదు. పొద్దుటి ఏటవాలు వెలుగులో శిఖం నేల, అంటే చెరువు లోపలి నేల, తనంతట తానే విప్పుకుంటుంది: నెర్రెల అంచులు, పశువుల డెక్కల గుంటలు, తూము గోడ మీద నీళ్లు దిగిపోతూ వదిలిన చారలు. మిట్టమధ్యాహ్నం తీస్తే ఇవన్నీ చదునైపోతాయి. తేదీ, వేళ, నీళ్లు ఏ రాయి దాకా ఉన్నాయో అప్పుడే రాసిపెట్టుకోవాలి. ఆ రాత లేని ఫొటో సగం ఫొటోనే.

2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేల పైచిలుకు చెరువుల బాగును తలపెట్టింది. తీసిన పూడిక మళ్లీ ఎంత చేరింది, శిఖంలోకి సర్కారు తుమ్మ, లొట్టపీసు ఎంత పాకాయి అన్నది ఎండాకాలపు ఫొటోల వరుసే చూపగలదు. జనగామ వైపు దేవాదుల ఎత్తిపోతల నీళ్లు చేరే చెరువుల్లో ఎండాకాలం ముఖమే మారిపోతుంది. భూపాలపల్లి జిల్లాలో గోదావరి మార్పు ఇంకా వేగంగా జరిగింది. 2019లో మేడిగడ్డ బ్యారేజీ వెనక నీళ్లు నిలిచాయి. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగాక ఆ నీటిని వదిలేశారు. నాలుగేళ్లలో ఒకే ఒడ్డు రెండు రూపాలు చూసింది.

ఉపగ్రహాలు ఉండగా ఈ శ్రమ ఎందుకని అడగవచ్చు. నీటి విస్తీర్ణం కొలవడానికి అవే మేలు, సందేహం లేదు. కానీ సెంటినెల్-2 చిత్రంలో ఒక చుక్క నేల మీద 10 మీటర్లు. అందులో తుంగ గడ్డి వరుస కనబడదు, ఆరబెట్టిన వల కనబడదు, వానాకాలపు మబ్బు అడ్డొస్తే చెరువే కనబడదు. ఫొటోగ్రాఫర్ తనకు నచ్చిందే చూపిస్తాడన్నది ఇంకా గట్టి అభ్యంతరం. నిజమే, అందుకే ఈ కట్టుబాటు. చోటు, వేళ ముందే ఖాయమైతే ఎంచుకునే స్వేచ్ఛ చాలావరకు పోతుంది. దాంతో కళ కూడా పోతుందంటే ఒప్పుకోలేను. బతుకమ్మ మీద, ఊరి ఇళ్ల మీద ఏళ్ల తరబడి చూపు నిలిపిన వరంగల్ ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ 2022లో కన్నుమూశారు. ఆయన పనికి బలం మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్లడంలోనే ఉంది.

బయ్యారం చెరువును ధర్మకీర్తి సముద్రం పేరిట గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిందని శాసనం ఉంది. ఎవరు తవ్వించారో ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా చదువుకోగలుగుతున్నాం. పోయిన వైశాఖంలో అక్కడి నీళ్లు ఏ రాయి దాకా ఉన్నాయో చూపమంటే ఎన్ని ఇళ్లలో ఫొటో దొరుకుతుంది?