కన్ను కుట్టడం, కన్నేయడం

ఇంగ్లీషు క్రియ 'కవెట్'కు చాలామంది 'అసూయపడు' అని అర్థం చెప్పేసుకుంటారు. నిజానికి అసూయకు ఆ భాషలో 'ఎన్వీ' వేరే ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తేగాని తేడా తెలియదు.

'ఎన్వీ'కి మూలం లాటిన్ 'ఇన్విదియా'. అందులో చూపు ఉంది, ఎదుటివాడి బాగును ఓర్వలేని చూపు. 'కవెట్' కోరికను చెప్పే లాటిన్ ధాతువు నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఎన్వీ గురి ప్రధానంగా మనిషి మీద, కవెట్ గురి వస్తువు మీద. పొరుగువాడి మేడ కూలితే ఎన్వీ చల్లబడుతుంది. కవెట్ మాత్రం విలవిల్లాడుతుంది, దానికి కావలసింది ఆ మేడే కదా!

ఈ తేడా మన నుడికారానికి ఎప్పటినుంచో తెలుసు. 'వాడి మేడ చూసి వీడికి కన్ను కుట్టింది' అంటాం. 'వాడి మేడ మీద వీడు కన్నేశాడు' అనీ అంటాం. మొదటిది ఎన్వీ, రెండోది కవెట్. విభక్తిని గమనించండి: 'వీడికి' కుట్టింది, 'వీడు' వేశాడు. అసూయ మనిషికి కలుగుతుంది, కన్నేయడం మనిషి చేస్తాడు. ఇంగ్లీషులో రెండు క్రియలకూ మనిషే కర్త. బాధ్యత ఎక్కడ మొదలవుతుందో మన వ్యాకరణమే చూపిస్తోంది. ఇంద్రప్రస్థ వైభవం చూసి దుర్యోధనుడికి కన్ను కుట్టింది. జూదానికి పిలిచేనాటికి అతడు ఆ రాజ్యం మీద కన్నేశాడు. కథంతా ఆ రెంటి నడుమే మలుపు తిరిగింది.

బైబిలు పది ఆజ్ఞల్లో చివరిది నిషేధించింది కవెట్‌నే. పొరుగువాడి ఇల్లు, భార్య, దాసదాసీలు, ఎద్దు, గాడిద అంటూ వరసగా చెబుతుంది. తెలుగు బైబిలు అక్కడ 'ఆశించు' వాడింది. 'మంచి ఫలితం ఆశిస్తున్నాం' అనే ఈ కాలపు చెవికి ఆ మాటలో తప్పు వినిపించదు. ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం పరుల ధనానికి ఆశపడవద్దని చెప్పడానికి 'గృధ్' ధాతువు వాడింది. గద్దకు 'గృధ్రం' అనే పేరు ఆ ధాతువు నుంచే వచ్చింది. పైనుంచి గురిచూసే ఆ ఆకలి 'ఆశించు'లో లేదు, 'కన్నేయు'లో ఉంది.

అయితే 'కన్నేయు' అన్నిచోట్లా ఒదగదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, శ్రేష్ఠమైన వరాలను కోరమని చెప్పడానికీ కవెట్‌నే వాడింది. నేటి 'కవెటెడ్ అవార్డు'లోనూ దోషం లేదు. మన పత్రికలు దాన్ని 'ప్రతిష్ఠాత్మక' అని రాసి, బహుమతి గొప్పదనం చెప్పి కోరేవాళ్ల తపనను వదిలేస్తాయి. అక్కడ 'అందరూ కలలుగనే బహుమతి' అంటే చాలు.

ఒక క్రియకు ఒకే తెలుగు మాట వెతకడం వల్లే ఈ పొరపాట్లు. పరుల సొత్తు మీద పడితే కన్నేయడం, యోగ్యతతో అందుకోవలసినదైతే కలలుగనడం. అసూయను మాత్రం దీనితో కలపొద్దు. కుట్టిన కన్నును తుడుచుకోవచ్చు, వేసిన కన్నును మనమే వెనక్కి తీసుకోవాలి.