హాజరు పట్టీ వరసలో ప్రార్థన

ఫిబ్రవరిలో మా వైపు చర్చిల్లో ఒక ఆదివారాన్ని పరీక్షలు రాసే పిల్లలకని కేటాయిస్తారు. హాల్ టికెట్లు, పెన్నులు, అట్టలు పట్టుకుని పిల్లలంతా బలిపీఠం ముందు మోకరిస్తే, అయ్యగారు ఒక్కొక్కరి తల మీదా చెయ్యి వేసి ప్రార్థిస్తారు. ఆ వరసలో బొట్టు పెట్టుకున్న పిల్లలూ ఉంటారు. శనివారం గుళ్లో పెన్నులకు పూజ చేయించిన తల్లే ఆదివారం ఇక్కడికీ తీసుకొస్తుంది. నాకు ఇష్టమైన ఆదివారమే అది. కాకపోతే అక్కడ అడిగేదంతా జ్ఞాపకశక్తీ, మార్కులూ, సీటూ. ఈ పిల్లకు రాత్రి కంటినిండా నిద్ర ఇవ్వు తండ్రీ అని అడగ్గా నేను విన్నది బహు తక్కువ.

నేను ఎయిడెడ్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెబుతాను. స్టాఫ్‌లో ప్రార్థన అలవాటున్న కొద్దిమందిమి బుధవారం లంచ్ బెల్లు కొట్టాక ల్యాబులో కూర్చుంటాం. ఫార్మలిన్ వాసన ఓర్చుకోగలిగితే అంత ప్రశాంతమైన చోటు కాలేజీలో ఇంకోటి లేదు. మాకొక పద్ధతి ఉంది. రిటైరైన ఫిజిక్స్ మాస్టారు నేర్పి వెళ్లారు. హాజరు పట్టీ ముందు పెట్టుకుని రోల్ నంబర్ల వరసలో ప్రార్థించడం. రోజుకు నాలుగైదు నంబర్లు, ఎవరింట్లో వాళ్లు, ఒంటరిగా. మా విద్యార్థులందరినీ దీవించు ప్రభువా అని ఒక్క గుక్కలో అనేస్తే ఆ 'అందరి'లో ఎవరూ ఉండరని ఆయన వాదన.

వరసలో వెళితేనే అసలు సంగతి బయటపడుతుంది. ఫస్టొచ్చే పిల్ల నంబరొస్తే, అల్లరి పిల్లాడి నంబరొస్తే, మాటలు వాటంతటవే వస్తాయి. మధ్యలో ఇంకో నంబరు వస్తుంది. పేరు తెలుసు, మొహం తెలుసు, ఏమడగాలో తెలియదు. ఏ ఊరి నుంచి బస్సెక్కి వస్తాడో, మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తింటాడో చెప్పమంటే చెప్పలేం. ఆ రాత్రి ప్రార్థన అక్కడ ఆగిపోతుంది. మర్నాడు క్లాసులో అడుగుపెట్టగానే కళ్లు ఆ బెంచీ వైపే పోతాయి. ఆ పిల్లాడి విషయంలో దేవుడు ఏం చేస్తాడో ఆయన చిత్తం. ముందు టీచరు కళ్లను కాస్త తిప్పుతాడన్నది మాత్రం నాకు అనుభవంలోకి వచ్చిన సంగతి. ఈ పద్ధతిని నేను వదలకపోవడానికి అదే కారణం.

ఒకమ్మాయి రికార్డు నా కంటపడింది అలాగే. బోటనీ రికార్డంటే చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పెన్సిలు సన్నగా చెక్కి, గీత మీద గీత పడకుండా బొమ్మ గీసి, కుడివైపున భాగాల పేర్లు ఒకదాని కింద ఒకటి తిన్నగా రాయాలి. ద్విదళబీజ కాండం అడ్డుకోతలో ఆ పిల్ల నాళికాపుంజాలను వలయంగా, ఏ ఒక్కటీ పక్కదానికి తగలకుండా గీసింది. వేరు అడ్డుకోతకు వచ్చేసరికి పెన్సిలు మొద్దుబారింది. ఆ తర్వాతి పేజీల్లో గీతలు లాగి ఉన్నాయి, పేర్లు లేవు. చివరి బొమ్మ ఒట్టి గుండ్రం. సంతకం కోసం వచ్చినప్పుడు బొమ్మల ఊసెత్తకుండా, "రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావమ్మా?" అన్నాను. "తొమ్మిదిన్నరకే పడుకుంటాను మేడం, నిద్రే రావట్లేదు" అంది. ఎప్పట్నుంచి అంటే, దసరా సెలవుల నుంచి. వాళ్లమ్మను పిలిపించి మాట్లాడి పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగానికి పంపాం. ఆ తర్వాతి కథ ఆ పిల్లది, నేను చెప్పకూడదు.

నిరాశలో కూరుకుపోయిన మనిషితో ఎలా మసలాలో తెలుసుకోవడానికి నేను మళ్లీ మళ్లీ తెరిచేది మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం. ఏలీయా అంతటి ప్రవక్త బదరీ వృక్షం కింద కూలబడి, ఇక చాలు, ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడుగుతాడు. అదీ కర్మెలు కొండ మీద అంత గెలుపు గెలిచొచ్చాక! టాపర్లకు దిగులేమిటండీ అని ఆశ్చర్యపోయే తల్లిదండ్రులకు ఈ అధ్యాయం చదివి వినిపించాలనిపిస్తుంది. దేవదూత వచ్చి ప్రసంగం చేయడు, నీ విశ్వాసం ఏమైందని నిలదీయడు. తట్టి లేపి, కాల్చిన అప్పం, నీళ్లు పెడతాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిస్తాడు. రెండోసారి లేపి, పోవాల్సిన దారి చాలా ఉందని, మళ్లీ తినమంటాడు. దేవుడు మాట్లాడేది ఎన్నో రోజుల నడక తర్వాత, కొండ దగ్గర. మనమైతే మొదలే మాటలతో పెడతాం.

మాలో మాకు గొడవ వచ్చేది 'ప్రార్థన అంశాల' దగ్గర. ఫలానా సెక్షన్ అమ్మాయి, ఇంట్లో గొడవలట, పిల్ల బాగా దిగాలుగా ఉందట, జ్ఞాపకం చేసుకోండి అని ఎవరో మంచి మనసుతోనే వాట్సాప్ గ్రూపులో పెడతారు. దండం పెట్టే బొమ్మలు బారులు తీరతాయి. సాయంత్రానికి స్త్రీల సమాజంలో ఆ మాట, మర్నాటికి పిల్ల మేనత్త చెవిలో. ఆ పిల్ల ఇంకెప్పుడూ ఏ టీచరుకూ నోరు విప్పదు. అందుకని మా ల్యాబు కూటంలో పేరూ సెక్షనూ పలకం. 'ఒక విద్యార్థి' అంటే చాలు, దేవుడికి రోల్ నంబరు తెలుసు. గది తలుపు వేసుకుని ప్రార్థించమని మత్తయి సువార్తలో ఉన్నది ఆడంబరం గురించే అయినా, మాకు ఇలా పనికొస్తోంది. అలాగని అన్నిటినీ గుట్టుగా ఉంచడం కుదరదు. ప్రాణం మీదికొచ్చే సూచన కనిపిస్తే ఇంట్లోవాళ్లకూ డాక్టర్లకూ ఆ గంటలోనే చెప్పాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. ప్రార్థనలో పెట్టాం, పెద్దమనుషుల్లో పెట్టాం అంటే చెల్లదు.

నీకోసం ప్రార్థిస్తున్నానని పిల్లలకు నేనుగా చెప్పను. 1843లో మిషనరీ రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో బడి తెరిచిన కాలంలో బైబిల్ పాఠం బడి చదువులో భాగం. ఆ కాలం వేరు. ఎయిడెడ్ సంస్థల్లో సమ్మతి లేకుండా ఎవరినీ ఆరాధనలో కూర్చోబెట్టరాదని, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి ఉండాలని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. చట్టం సంగతి అటుంచినా, ప్రాక్టికల్ మార్కులు నా చేతిలో ఉన్నాయనుకునే పిల్లాడు వద్దని ఎలా అంటాడు? వాళ్లే అడిగితే వేరు. "అబ్బాకు ఆపరేషన్ మేడం, మీరూ దువా చేయండి" అన్నాడొక కుర్రాడు. చేశాను.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది ప్రార్థన పేరు చెప్పి మాత్రలు మాన్పించడం. దిగులు జబ్బును విశ్వాసం చాలకపోవడంగా, దురాత్మ పనిగా చూసే సేవకులు ఇంకా ఉన్నారు. సువార్త రాసిన లూకా వైద్యుడే కదయ్యా అంటే నవ్వి ఊరుకుంటారు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో విద్యాసంస్థలు చేయాల్సింది చాలా ఉంది. వంద లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి, ఏడాదికి రెండుసార్లయినా సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచులు విడగొట్టకూడదు. కౌన్సెలర్ని వేయించమని యాజమాన్యానికి అర్జీ రాయడం కూడా మా బుధవారం కూటం పనే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 ల్యాబు తలుపు మీద పెద్దక్షరాలతో అంటించాం. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

ఆఖరి పేపరుతో చర్చిల్లో పరీక్షల ప్రార్థనలు ముగుస్తాయి. పిల్లల గుండె జారేది ఫలితాల రోజు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అందుకని ఫలితాలు వచ్చే పూట మేం ల్యాబులో కూర్చుని తప్పిన పిల్లల నంబర్లు పంచుకుని ఫోన్లు చేస్తాం. తిన్నావా, ఇంట్లో ఎవరున్నారు, ఒకసారి అమ్మకివ్వు. సప్లిమెంటరీ ఫీజు గడువు ఆ తర్వాత. 'దేవుడి చిత్తం' అన్న మాట ఆ రోజుకు నిషేధం. ఫోనెత్తకపోతే ఏం చేస్తారని కొత్తగా వచ్చిన జువాలజీ మేడం అడిగారు. బండేసుకుని ఇంటికి వెళ్లడమేనండి అన్నాం. ఇప్పుడామె తన క్లాసు పిల్లల నంబర్ల పక్కన ఊరు, వీధి, ఇంటి గుర్తులు రాసుకుంటున్నారు.