వెలుగును ఊదిన ఇల్లు

గాజుకు అందమంటే రంగే అనుకునే కాలంలో, రంగు పోగొట్టడమే అందమన్నవాడు మురానో దీవి గాజుపనివాడు ఆంజెలో బరోవియెర్. 15వ శతాబ్దం నడిమి మాట. ఏటి గులకరాళ్లను పొడిచేసి, తూర్పు తీరాల మొక్కల బూడిదను శుద్ధిచేసి, కొలిమిలో కరిగించి ఊదిన ఆ పాత్రను చూడండి. వెలుగుంది, సన్నని అంచుంది. నడుమ ఏమీ లేనట్టే ఉంది! కొండ కడుపు తొలిస్తే తప్ప దొరకని స్ఫటికాన్ని మనిషి ఊపిరితో పుట్టించాడు. దానికి క్రిస్టాల్లో అని పేరు.

అగ్నిభయంతో వెనిస్ తన గాజు కొలిములను ఈ దీవికి పంపింది 1291లో. బరోవియెర్లు తమ వృత్తిని 1295 నుంచి లెక్కపెట్టుకుంటారు. అంత పాత ఇంట్లో ప్రతి తరమూ తాతల పనినే వల్లెవేసి ఉంటుందనుకుంటాం. కానీ అలా జరగలేదు. అక్కడే ఉంది సొగసంతా!

తండ్రి ఆంజెలో వెళ్లగొట్టిన రంగును కూతురు మారియెట్టా పొరలుపొరలుగా వెనక్కి పిలిచింది. 1487లో సొంతంగా చిన్న కొలిమి పెట్టుకునే అనుమతి సంపాదించిందామె. రొసెట్టా పూస ఆమె సృష్టేనంటారు. ఆ పూస కొనను కంటికి దగ్గరగా పెట్టుకోండి. తెలుపు, ఎరుపు, నీలం ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, 12 మొనలతో విచ్చుకున్న నక్షత్రం! ఎవరో పైన అద్దింది కాదది. పూసను కోసి తీసిన గాజు గొట్టం పొడవునా లోలోపల దాగి ఉన్నదే. సానరాయి ముసుగు తీసిందంతే.

ఇక మురానో మ్యూజియంలోని బరోవియెర్ కప్పు. చిక్కని నీలిమ మీద వధూవరుల ముఖాలు. ఆమెను చూస్తే అతను చాటు, అతణ్ని చూస్తే ఆమె చాటు. ఇద్దరూ కావాలంటే ప్రదక్షిణ చేయవలసిందే!

మరి ఎర్కోలె బరోవియెర్? తర్వాత టోసో కుటుంబంతో చేయి కలిపిన ఈ 20వ శతాబ్దపు వారసుడు ఆంజెలో నిర్మలత్వాన్నే పక్కన పెట్టాడు. 1929–30 నాటి ఆయన ప్రిమవేరా పాత్రలు మీగడ కట్టినట్టు మసకమసకగా, ఒళ్లంతా సన్నని బీటల జాలంతో, అంచున నల్లని గీతతో నిలుస్తాయి. చూపు అవతలికి దూసుకుపోదు. ఆ తెల్లదనంలోనే చిక్కుకుని తచ్చాడుతుంది. ఎంత హాయి ఆ చిక్కుకోవడం! పాళ్లు ఏదో యాదృచ్ఛికంగా కుదిరి పుట్టిన గాజది. ఆయనకే మళ్లీ కుదరలేదు. అందుకే చేసినవి కొన్నే.

ఆంజెలో గాజును మాయం చేశాడు, ఎర్కోలె దానికి ఒళ్లిచ్చాడు. ఏది గొప్పదని నన్నడిగితే, ఎప్పుడు ఏది ఎదుట ఉంటే అదే అంటాను.