కుట్టు చెప్పు సాక్ష్యము

అమెరికాలో ఒక యింటికి పెద్దదిక్కైన మనిషి గతించినప్పుడు గాని, వార్ధక్యమున పెద్ద యిల్లు నిర్వహింపలేక చిన్న నివాసమునకు మారునప్పుడు గాని, ఆ యింటనున్న సమస్త వస్తుజాతమును, మంచములు మొదలు గరిటెల వరకు, ధర చీటీలు అంటించి, వీధితలుపు తెరచి, వచ్చినవారికెల్ల అమ్మివేయు ఆచారమొకటి కలదు. దానిని ఎస్టేట్ సేల్ అందురు. వాకిట పాత సామానులు పరచి అమ్ముకొను గరాజ్ సేల్ వేరు, ఇది వేరు. ఇచ్చట ఇల్లే అంగడి యగును. పడకగది, వంటగది, నేలమాళిగ, అన్నింటను కొనువారు స్వేచ్ఛగా సంచరింతురు. దూరప్రాంతములందు ఉద్యోగములు చేసికొనుచున్న సంతానమునకు అంత సామగ్రిని సర్దుకొను తీరిక యుండదు గనుక, ఈ పనియే వృత్తిగా గల సంస్థలకు దానిని అప్పగింతురు. వారు వచ్చి, వెలలు కట్టి, రెండుమూడు దినములలో అమ్మిపెట్టి, వచ్చిన సొమ్ములో మూడవ వంతో, అంతకు మించియో ప్రతిఫలముగా గ్రహింతురు. మొదటి దినమున చీటీపైనున్న ధర. కడపటి దినమున సామాన్యముగా అందులో సగము.

న్యూజెర్సీలో చిరకాలముగా కాపురమున్న నేను ఈ అమ్మకములకు పోయి పాత హ్యాండ్‌బ్యాగులను వెదకుట యొక వ్యాసంగముగా చేసికొంటిని. ఈ మాట వినిన మనవారిలో పెద్దలు పలువురు, "పోయినవారి వస్తువులు తెచ్చి యింట పెట్టుకొందువా అమ్మా?" అని అడుగుచుందురు. ఆ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. గతించినవారి వస్త్రములను దానముగా ఇచ్చివేయుట, వారు నిత్యము వాడిన వస్తువులను కొంతకాలము ముట్టకుండుట మన యిండ్లలో నున్న ఆచారము. అందు భయము కొంత యున్నను గౌరవమే యెక్కువ. ఆ గౌరవమును నేనును పాటింతును. అయితే ఇచ్చట అమ్మకము ముగిసిన పిమ్మట మిగిలినదానిలో కొంత ధర్మసంస్థలకు పోవును, తక్కినది చెత్తబండి కెక్కును. నలువది యేండ్లు ఒక స్త్రీ భుజమున వ్రేలాడి, ఇంకను నలువది యేండ్లు మన్నగల తోలుసంచి అట్లు మట్టిపాలగుటకంటె, దాని విలువ నెరిగిన మరియొక చేతిని చేరుటయే గతించిన ఆమెకును, దానిని కుట్టిన పనివానికిని చేయదగిన మర్యాద యని నా నిశ్చయము.

ఆరితేరిన అమ్మకపు సంస్థలు షనెల్, ఎర్మెస్ వంటి పేర్లను చూడగానే గుర్తుపట్టును. అట్టి సంచులను అలమరలలో నుంచక, డబ్బు పుచ్చుకొను బల్లకడ గాజుపెట్టెలో భద్రపరచి, విపణిలో నడుచు ధరను విచారించి చీటీ కట్టుదురు. కావున అచ్చట అదృష్టమునకు అంతగా తావు లేదు. తెల్లవారకముందే వచ్చి, వరుససంఖ్య చీటీ పుచ్చుకొని, తలుపు తీయగానే ఆ గాజుపెట్టె వైపు పరుగెత్తువారు పరుగెత్తుదురు గాక! నాకు కావలసినవి వేరుచోట నుండును: పడకగది అలమరలో మీది అరపై దుప్పట్ల వెనుక, చలికోటులు తగిలించు నడవ అలమరలో క్రింది మూల, నేలమాళిగలో ప్రయాణపు పెట్టెల లోపల. తమ పేరును ముఖమున వ్రాసికొనని సంచులు అట్టి తావులందే యుండును. వానిని గుర్తించుటకు కన్నులును వ్రేళ్లును తరిఫీదు పొందియుండవలెను గాని, పరుగు పనికిరాదు.

అట్టివానిలో నాకు మిక్కిలి ప్రియమైనవి న్యూయార్కులో తయారైన నాటి కోచ్ సంచులు. ఈనాడు పెద్ద మాల్‌లన్నింట కనుపించు ఆ పేరు 1941లో మాన్‌హటన్‌లోని యొక మేడగదిలో, కొద్దిమంది తోలుపనివారితో నడచిన చిన్న కర్మశాలతో మొదలైనది. 1946లో మైల్స్ కాన్, లిలియన్ కాన్ అను దంపతులు అందు ప్రవేశించి, క్రమముగా దానిని తమ స్వంతము చేసికొనిరి. బేస్‌బాల్ ఆటగాండ్రు చేతికి తొడుగుకొను తోలుతొడుగు వాడినకొలది మెత్తబడి, మెరుపెక్కి, అందగించుటను మైల్స్ గమనించి, ఆ గుణమే గల ఆవుతోలును సంచులకై సిద్ధము చేయించెను. 1962లో వారు పిలిపించుకొన్న బానీ కాషిన్, అంతకుపూర్వము హాలీవుడ్ చలనచిత్రములకు దుస్తులు రూపొందించిన ప్రతిభాశాలిని. మడచుటకు వీలైన తన కారు పైకప్పును బిగించు మీటను చూచి, దానినే సంచిమూతకు త్రిప్పుడు గొళ్లెముగా అమర్చినది ఆమెయే. చిల్లరడబ్బుల పర్సును సంచికి వెలుపలివైపుననే కుట్టించి, బస్సులోను రైలులోను నిలుచుండి ప్రయాణముచేయు స్త్రీకి సంచినంతయు తడవుకొను శ్రమను తప్పించినదియు ఆమెయే. అలంకారము కొరకు ప్రయోజనమును బలిపెట్టని బుద్ధి అది. అందుచేతనే అరువదియేండ్లు గడచినను ఆ గొళ్లెము నేటికిని ఆ సంచులపై తిరుగుచునే యున్నది.

ఈ సంచులకు లోపల గుడ్డ లైనింగు ఉండదు. మూత తెరచినచో తోలు వెనుకవైపే కనుపించును. అనగా పనివాడు దాచుకొనుటకు చోటే లేదు. లోపల కుట్టిన చిన్న తోలుపలకపై, ఈ తోలునందలి గీతలు, మచ్చలు, నరముల జాడలు సహజ లక్షణములేగాని దోషములు కావను ప్రకటనయు, ఒక సంఖ్యయు ముద్రించియుండును. కళాశాలలో చదువుచున్న కుమార్తెకు తల్లి కొనియిచ్చినదియో, కొలువులో చేరిన స్త్రీ తన జీతముతో కొనుక్కొన్నదియో యగుటచేత, ఇట్టి సంచులు భాగ్యవంతుల భవనములలోనే కాక, ఉపాధ్యాయినుల, నర్సుల, గుమాస్తాల యిండ్లలోను దొరకును. ఏండ్ల తరబడి వాడక తోలు ఎండి, దుమ్ముపట్టి, వంకరపోయిన సంచి తరుచుగా అతిస్వల్పమైన ధరకు లభించును. దానిని గోరువెచ్చని నీట ముంచి, మెత్తని సబ్బుతో కడిగి, లోపల తువ్వాలు కూర్చి ఆకృతి నిలిపి, నీడను ఆరవైచి, తోలునకు పూయు లేపనమును పలుచగా పట్టించినచో, పోయిన వర్ణము మెల్లగా తిరిగివచ్చును. ఈ పద్ధతి లైనింగులేని దళసరి తోలుసంచులకే చెల్లును. పట్టులైనింగు గలదానిని గాని, అట్టబద్దపై తోలు అతికిన దానిని గాని నీట ముంచుట దానిని చంపుటయే. 1985లో కాన్ దంపతులు సంస్థను సారా లీ అను పెద్ద కంపెనీకి అమ్మివేసిరి. తరువాతి కాలమున తయారీ క్రమముగా విదేశములకు తరలిపోయినది. 2021 నుండి ఆ సంస్థయే తన పాతసంచులను తిరిగి పుచ్చుకొని, బాగుచేసి, మరల అమ్ముచున్నది. కట్టడము గట్టిదని చెప్పుటకు ఇంతకు మించిన సాక్ష్యము వేరొకటి యేల?

సంచిని పరీక్షించుటకు నేను పాటించు క్రమమొకటి కలదు. మొదట వాసన: బూజువాసన, పొగాకువాసన తోలులో నెక్కినచో వదలించుట దుష్కరము. పిదప స్పర్శ: మంచితోలు వంచినప్పుడు సన్నని ముడుతలు పడి, విడువగానే సర్దుకొనును, పైపూత మాత్రమేయైనది పగులును. పిమ్మట లైనింగు: 1980, 90 దశకములనాటి ఖరీదైన సంచులలో సైతము ప్లాస్టిక్ పూతగల లైనింగులు కాలక్రమమున తేమ తగిలి జిగటగా కరగిపోవును, దానిని మార్పించుటకు సంచివెలను మించిన వ్యయము కావచ్చును. ఆ మీదట బకిళ్లు, జిప్పు, మరలు: ఇత్తడి బరువు చేతికి తెలియును, పూత వేసిన రేకు తేలికదనమును చేతికి తెలియును. చివరకు కుట్టు. మన స్త్రీలు పట్టుచీర కొనునపుడు అంచు తిరగవేసి వెనుకవైపు నేతను పరికింతురు గదా. సంచిని చూచుటకును అదియే న్యాయము. మలుపులకడ కుట్టుల యెడము సమముగా నున్నదా, పట్టీ సంచితో కలియుచోట కుట్టు రెట్టించి బిగించిరా, తోలు అంచును నునుపుచేసి రంగుపూసిరా, లేక కోసినది కోసినట్లే విడిచిరా యని చూడవలెను. 1837లో గుర్రపు జీనుసామగ్రి కర్మశాలగా పారిసులో వెలసిన ఎర్మెస్ సంస్థ పనివారు నేటికిని ఆ జీనుకుట్టునే కుట్టుదురు: మైనము పట్టించిన నారదారమునకు రెండు కొసల రెండు సూదులు గ్రుచ్చి, ఒకే రంధ్రమున ఇరువైపులనుండి దూర్తురు. ఒకచోట దారము తెగినను తక్కిన కుట్టు విడిపోదు. యంత్రపు కుట్టునకు ఆ గుణము లేదు.

పేరును నేను కడపటనే చూతును. ఏలయన, పేరును దొంగిలించుట తేలిక. పనితనమును దొంగిలించుట కష్టము. సంఖ్యలనే నమ్ముకొన్నవారు రెండువిధముల మోసపోవుదురు. షనెల్ సంచులలో 1980 దశకపు నడిమికాలము నుండి సంఖ్యగల చీటీ అంటించుట మొదలిడి, 2021లో దానికి బదులు చిప్పుగల లోహపు పలక పెట్టసాగిరి. దొంగ సంచులు చేయువారు అట్టి చీటీలను సులభముగా అచ్చువేయుదురు. ఇంకొకవైపున, నిజమైనదానికి సంఖ్య లేకపోవుటయు కలదు. లూయీ వ్యుట్టోన్ సంచులకు తేదీసంకేతము లేర్పడినది 1980 దశకపు ఆరంభముననే. అంతకుముందటివానికి అవి లేవు. పైగా 1970లలో ఆ సంస్థ యిచ్చిన అనుమతితో అమెరికాలోనే ఫ్రెంచ్ కంపెనీ అనునది కొన్ని సంచులను తయారుచేసెను. వాని లోపలి ముద్ర వేరు, జిప్పులు వేరు. కావున తెలియనివారు అవి నకిలీవని విడిచిపోవుదురు. ఎస్టేట్ సేల్‌లో కొన్నదానిని తిరిగి యిచ్చుట లేదు. ఉన్నది ఉన్నట్టుగా పుచ్చుకొనవలసినదే. అందుచేత చదువుకొని పోయినవాని విద్యయే వానికి రక్ష.

పనితనమనునది ఎంత దూరము నడచి వచ్చునో జూడిత్ లీబర్ చరిత్ర చెప్పును. 1921లో బుడాపెస్టున యూదు కుటుంబమున జన్మించిన ఆమె, పురుషులకే పరిమితమైన ఆ నగరపు హ్యాండ్‌బ్యాగు పనివారి సంఘమున ప్రవేశించిన మొదటి స్త్రీ. నాజీల మారణకాండను దాటి బ్రతికి, ఒక అమెరికా సైనికుని వివాహమాడి, 1947లో న్యూయార్కు చేరెను. ఆమె నేర్చినది ఒక భాగము కాదు; నమూనా గీయుట మొదలు తోలు కోయుట, అతుకుట, కుట్టుట, బిగించుట వరకు సంచి యంతయు స్వహస్తములతో చేయగల విద్య. పరుల కంపెనీలలో పనిచేసి, 1963లో స్వంత సంస్థ నెలకొల్పెను. స్ఫటికములు పొదిగిన ఆమె చిన్నసంచులను లోకమంతయు నెరుగును, గాజుపెట్టెలలో నుంచును. అయితే ఆమె చేసిన సాదా తోలుసంచులు, పట్టుసంచులు అలమరల యడుగున ఇప్పటికిని దొరకుచుండును. వాని మడతలు చూచినచో, బుడాపెస్టు శిక్షణ యెట్టిదో విశదమగును. 2018లో ఆమెయు ఆమె భర్తయు ఒకే దినమున కన్నుమూసిరి.

మొసలితోలు, కొండచిలువతోలు సంచులు పాతయిండ్లలో తరుచుగా కనుపించును. వానిని మన దేశమునకు బహుమతిగా తీసికొనిపోదలచినవారికి ఒక హెచ్చరిక: అట్టి ప్రాణుల చర్మముల రవాణాను 1975లో అమలునకు వచ్చిన సైటిస్ అంతర్జాతీయ ఒడంబడిక నియంత్రించుచున్నది, భారతదేశమును అందు భాగస్వామియే. అనుమతిపత్రములు లేనిచో సరిహద్దున జప్తు కావచ్చును. సంచి ఎంత పాతదైనను ఈ నియమము నుండి దానంతట అది తప్పించుకొనదు.

ఇక మర్యాద. ఎస్టేట్ సేల్ జరుగు ఇల్లు కొన్ని వారముల క్రిందటివరకు ఎవరిదో కాపురపు ఇల్లు. ఒక్కొక్కప్పుడు కుమార్తెయో కోడలో ఒక మూల నిలుచుండి, తల్లి వస్తువులు ఒక్కొక్కటే గడప దాటుటను చూచుచుండును. ఆమె యెదుట సంచి నెత్తి దోషములు ఏకరువు పెట్టి బేరమాడుట హీనము. ధర తగ్గింపవలెననిన, సంస్థవారిని ప్రక్కకు పిలిచి మెల్లగా అడుగవచ్చును. లేదా కడపటి దినమువరకు వేచి, ఉన్నచో కొనుక్కొని, లేనిచో ఊరకుండవచ్చును. సంచుల అరలలో మందులచీటీలు, చర్చి కరపత్రములు, పసిపిల్లల ఛాయాచిత్రములు, ఒక్కొక్కసారి చేతివ్రాత ఉత్తరములు మిగిలియుండును. వెల చెల్లించుటకు ముందే అరలన్నియు తెరచి చూచి, అట్టివానిని బల్లకడనున్నవారికి అప్పగించి రావలెను. సంచి మనది, స్మృతి వారిది.

2025 జులైలో, నటి జేన్ బర్కిన్ కొరకు ఎర్మెస్ సంస్థ మొట్టమొదట చేసిన సంచి పారిస్ వేలమున 86 లక్షల యూరోలకు అమ్ముడుపోయినది. అది ఒక జీవితమునకు, ఒక కీర్తికి కట్టిన వెల. దానితో నాకు తగవు లేదు. కాని ఆ వార్త చదివి, ప్రతి పాతసంచియు నిధియేనని ఎస్టేట్ సేల్‌లకు పరుగెత్తువారికి మిగులునది నిరాశయే. లాభము కొరకు కొనువాడు పేరు చూచును. వాడుక కొరకు కొనువాడు కుట్టు చూచును. మొదటివానికి దొరకునది అరుదు, రెండవవానికి దొరకనిది అరుదు.

కనుక ఈ దేశముననున్న తెలుగు సోదరీమణులకు నా మనవి యిది. క్రొత్తసంచికి వేలకు వేలు డాలర్లు వెచ్చించుటకు ముందు, మీ ఊరిలో జరుగు ఎస్టేట్ సేల్ ఒకదానికి పోయి, ఒక పాతసంచిని తెరచి, దాని లోపలి కుట్టును నెమ్మదిగా పరికింపుడు. నచ్చినచో కొనుడు, శుభ్రపరచుడు, బాగుచేయుడు. కొన్నదానిని బీరువాలో దాచకుడు. ప్లాస్టిక్ కవరులో అసలే చుట్టకుడు. దానిని భుజమున వేసికొని పనికి పొండు. మంచితోలు వాడినకొలది బాగుపడును, దాచినకొలది చెడును.