గ్రంథాలయమునకు నూతనత్వ మెక్కడినుండి రావలెను?

గ్రంథాలయములను నవీనము చేయవలెనను మాట నేడెల్లెడల వినబడుచున్నది. మాట మంచిదే. కాని దానికి మనము చెప్పుకొనుచున్న యర్థము మంచిది కాదని మాకు తోచుచున్నది. క్రొత్త భవనము, రంగు వేసిన గోడ, బల్లపై నాలుగు కంప్యూటర్లు వచ్చినచో గ్రంథాలయము క్రొత్తదైనదని సంతోషించుచున్నాము. అలమారలలో నేమి యున్నదో, వానిని తెఱచి చదువరి చేతికి పుస్తకము నందించువా రెవరో విచారించుట లేదు. ఈ వ్యాసమున మే మా రెండు విషయములనే విమర్శింప బూనితిమి. చోడవరమును దృష్టాంతముగా గ్రహింతుము.

చోడవరము చిరకాలము విశాఖపట్టణ మండలములో నుండి, 2022 ఏప్రిలు 4వ తేదీనుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. స్వయంభూ విఘ్నేశ్వరుని యాలయముచే ప్రసిద్ధి గన్నది. చుట్టును చెఱకు చేలు. చేరువ గోవాడలో సహకార చక్కెర కర్మాగారము వెలసినది. మాడుగుల మీదుగా పాడేరు మన్యమునకు పోవు దారి ఈ యూరిమీదనే పోవును. ఇట్టి యూర గ్రంథాలయమునకు రాదగినవా రెవరు? చెఱకు రైతు, వాని కొడుకు, ఉద్యోగపరీక్షలకు చదువుకొను కన్య, బడి యుపాధ్యాయుడు, కొండ దిగి వచ్చి వసతిగృహమున నుండి చదువు బాలుడు. వీరిలో నెవరి యక్కఱ యెవరిదానిని బోలదు. కావున గ్రంథాలయమును పరీక్షింప నిట్టి యూరే తగినది. మహానగరమున గ్రంథాలయము లేకున్నను చదువరికి వేఱు దారి దొరకును, ఇచ్చట దొరకదు.

మన పెద్దలు ఈ విషయమును మనకంటె ముందే గ్రహించిరి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఊరూర తిరిగి, చదువు రానివానికి చదివి వినిపించుటయు గ్రంథాలయధర్మమే యని బోధించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికచే పుస్తకములు పడవ యెక్కి కాలువగట్టు పల్లెలకు పోయినవి. ఆ పడవలో విద్యుద్దీపము లేదు, యంత్రము లేదు. అయినను ఆ గ్రంథాలయము నేటి పెక్కు గ్రంథాలయములకంటె నవీనమైనదని మేము చెప్పెదము. ఏలయన, చదువరి రాలేని చోటికి పుస్తకమే పోవలెనను బుద్ధి నవీనమైనది.

ఇక నేటి స్థితి. కొంతకాలము క్రిందట మే మొక శాఖాగ్రంథాలయమునకు పోయితిమి. దాని పేరు చెప్పము. వార్తాపత్రికల బల్లచుట్టు పెద్దలు గూర్చుండిరి. లోపలి గదిలో పరీక్షలకు చదువు యువజనులు తమ యింటినుండి తెచ్చుకొన్న పుస్తకములనే చదువుకొనుచుండిరి. గ్రంథాలయము వారికి కుర్చీ నిచ్చినది, పంకా నిచ్చినది, పుస్తకము నీయలేదు. ఒక రైతు చెఱకునకు పట్టిన యెఱ్ఱకుళ్ళు తెగులును గుఱించి యేదైన నున్నదా యని యడిగెను. ఉద్యోగి మర్యాదగనే వెదకి, ప్రాతబడిన వ్యవసాయదీపిక యొకదానిని తెచ్చి యిచ్చెను. అందు చెప్పిన మందులు నేడు వాడుకలో లేవు. రైతు దానిని త్రిప్పి చూచి, నమస్కరించి వెడలిపోయెను. ఆ నమస్కారము మమ్ము మిక్కిలి బాధించినది. అతడు మఱల రాడు.

అనకాపల్లిలో చెఱకు పరిశోధనాస్థానము 1913లోనే స్థాపింపబడినది. నూఱేండ్లకు మించి అచ్చట క్రొత్త వంగడములను గూర్చియు, తెగుళ్ళను గూర్చియు పరిశోధన జరుగుచున్నది. ఆ విజ్ఞానము కొన్ని క్రోసుల దూరముననున్న గ్రంథాలయపు బల్లమీదికి వచ్చుటకు ఏ యంత్రము కావలెను? ఒక యుత్తరము వ్రాయగల యుద్యోగియు, వచ్చిన కరపత్రమును విషయానుసారముగ దాచి, ప్రాతదానిని తీసివేయు నలవాటును చాలును. పుస్తకముల యెంపిక ఎక్కడనో జరిగి, ఒకే పట్టిక ప్రకారము సముద్రతీరపు పట్టణమునకును, మెట్టప్రాంతపు గ్రామమునకును ఒకే మూట పోవుచున్నంతకాలము ఈ దోషము తీఱదు. చదువరి యడిగి లేదనిపించుకొన్న పుస్తకముల పేర్లు వ్రాసికొను చిట్టా ప్రతి గ్రంథాలయమున నుండవలెను. కొనుగోలునకు ఆ చిట్టాయే మొదటి యాధారము కావలెను.

చేర్చుట యెంత యవసరమో తీసివేయుటయు నంత యవసరము. శియాలి రామామృత రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన యైదు సూత్రములలో కడపటిది గ్రంథాలయమును పెరుగు ప్రాణితో బోల్చినది. పెరుగు ప్రాణి క్రొత్త యాకు తొడుగును, పండుటాకు రాల్చును. మన గ్రంథాలయములలో నాకు రాలుట లేదు. పుస్తకము పోయిన తనపై నేరము వచ్చునని భయపడు నుద్యోగి చెదపట్టినదానినిగూడ లెక్కకు నిలుపుకొనును. మంచిదానిని బీరువాలో పెట్టి తాళము వేయును.

అయితే తీసివేయుట యనగా ప్రాతదాని నెల్ల తూకమున కమ్ముట కాదు. ఇందులోనే విద్వత్తు కావలసి యున్నది. కాలము తీఱిన న్యాయదీపికయు, 1897లో నచ్చయిన కన్యాశుల్కమును రెండును ప్రాతవే. మొదటిది చదువరిని మోసగించును, రెండవది నిధి. ఆ నాటకమును గురజాడ అప్పారావుగారు మిక్కిలి పెంచి మార్చి 1909లో మఱల ప్రకటించిరి గనుక, రెండు కూర్పులు రెండు గ్రంథములవంటివి. అప్పారావుగారు పుట్టిన రాయవరము ఈ జిల్లాలోనిదే. ఇచ్చటి గ్రంథాలయమున నట్టి ప్రతి యున్నయెడల, దానిని చింపిరిపుస్తకమని పాఱవేయు చేయియు, నిధియని దాచు చేయియు ఒక్కటే: ఉద్యోగిది. ఆ చేతికి వెనుక నేమి చదువున్నదనునదే ప్రశ్న.

పట్టికల విషయమును చూడుడు. కంప్యూటరులో నెక్కించినంత మాత్రమున పుస్తకము దొరకదు. తెలుగువారికి ఇంటిపేరు ముందుండును. గురజాడ అప్పారావుగారిని గకారమున వెదకవలెనా, అకారముననా? రాచకొండ విశ్వనాథశాస్త్రిగారిని లోకము రావిశాస్త్రి యనును. ఒక పేరునుండి మఱియొక పేరునకు దారి చూపకున్న, ఆయన కథలు సగ మొకచోట, సగ మొకచోట నుండి చదువరికి సగమే దొరకును. తెలుగు పేర్లను రోమను లిపిలో తోచినట్లు వ్రాసినచో నష్టము ఇనుమడించును. ప్రభుత్వపు డిజిటల్ గ్రంథాలయ యత్నమున వేలకొలది తెలుగు పుస్తకముల ఛాయాచిత్రములు తీయబడినవి. మహోపకారమే, కాని పేర్లు తప్పుగా నెక్కుటచే నెన్నియో గ్రంథములు ఉండియు లేనట్లే పడియున్నవి. యంత్రము మన యజ్ఞానమును తొలగింపదు. దానిని వేగముగ వ్యాపింపజేయును.

కావున మాటలన్నియు ఉద్యోగికడకే వచ్చుచున్నవి. 1935లోనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయశాస్త్రమున శిక్షణ మారంభించినది. వాల్తేరు చోడవరమునకు దూరము కాదు. శాస్త్రము మనకు క్రొత్త కాదు. శాస్త్రము తెలిసినవానిని గ్రంథాలయమున నిలుపుటయే క్రొత్త. ఖాళీలు నింపక, ఒక్కనికే రెండు మూడు శాఖ లప్పగించి, తాత్కాలికపు కూలితో నడిపించుచు, తలుపు తీసి మూయువానిని గ్రంథాలయాధికారి యనుట మాటకు నవమానము. ఒకసారి పట్టము పొందినవానికి జీవితాంతము అదియే చాలునను భ్రమయు పోవలెను. నేటి యుద్యోగి రైతునకు ప్రభుత్వపు వెబ్‌సైటు తెఱచి చూపగలుగవలెను. చరవాణిలో వచ్చిన వార్త నిజమో కాదో యెట్లు కనిపెట్టవలెనో బాలునకు నేర్పగలుగవలెను. రచయిత గతించిన పిమ్మట 60 సంవత్సరములు గ్రంథస్వామ్య ముండునని తెలిసి, 1915లో గతించిన గురజాడవారి ప్రతి నెవరైనను నకలు చేసికొనవచ్చుననియు, 1983లో గతించిన శ్రీశ్రీగారిది ఇప్పుడే యట్లు చేయరాదనియు చెప్పగలుగవలెను. కొండ దిగి వచ్చిన బాలుడు ఇంట కువి భాష మాట్లాడువాడైనచో, వానికి తెలుగు పుస్తకములలో మొదట నేది యీయవలెనో యోచింపగలుగవలెను. ఈ చివరి విద్య ఏ యంత్రమునకు రాదు.

ధనము లేదందురా? 1948లో మద్రాసు ప్రభుత్వము, 1960లో ఆంధ్రప్రదేశము గ్రంథాలయశాసనములు చేసినవి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను చెల్లుచున్నది. గుడిసెవాడును పెంకుటింటివాడును ఇచ్చుచున్న యీ సొమ్ము స్థానికసంస్థల చేతులలో నిలిచిపోయి గ్రంథాలయములకు అందకుండుట పత్రికలలో పలుమాఱులు వచ్చిన విషయమే. ధర్మార్థము వసూలుచేసిన పైకము నితరమునకు వాడుట గృహస్థుడు చేసిన తప్పనెదము. సంస్థ చేసిన నూరకుందుమా? వచ్చిన సొమ్ములో నింత పాలు ఉద్యోగుల శిక్షణకే యని నిర్ణయించుటయు నావశ్యకము.

చరవాణి యుండగా గ్రంథాలయ మేల యని మిత్రులు కొంద ఱడుగుచున్నారు. చరవాణి అడిగినదాని నిచ్చును, అడుగుట నేర్పదు. అందఱకు నొకే చరవాణియు, నొకే రుసుము చెల్లించు శక్తియు లేవు. ఉచితముగ, కులమడుగక, వయస్సడుగక లోనికి రానిచ్చు గది ఊర నింకొకటి యేది? యునెస్కో 1949లో ప్రకటించి, 1994లోను, 2022లోను సవరింపబడిన ప్రజాగ్రంథాలయ ప్రణాళికయు ఈ సమానతనే మూలముగ గొన్నది.

చోడవరపు పెద్దలకు, ఉపాధ్యాయులకు, యువజనులకు మా విన్నప మొక్కటే. రేపు మీ గ్రంథాలయమునకు పోయి, మీకు నిజముగ కావలసిన పుస్తకము నొకదాని నడుగుడు. లేదన్నచో కోపింపక, ఆ పేరును చిట్టాలో వ్రాయించి రండు. చిట్టా లేకున్న ఒక నోటుపుస్తకము కొని యిచ్చి రండు. నెలకొకసారి పోయి, ఆ పేర్లలో నెన్ని తెప్పించిరో విచారింపుడు. గ్రంథాలయపు నవీనత భవన ప్రారంభపు శిలాఫలకమున గాక, ఆ నోటుపుస్తకమున కొట్టివేయబడిన పేర్లలో కనబడును. నమస్కరించి వెడలిపోయిన యా రైతు మఱల వచ్చిననాడు మన గ్రంథాలయము నవీనమైనదని మేమును ఒప్పుకొందుము.