అబల – సబల: తొలినాటి కథలలో రెండు పాత్రలు

కథావాఙ్మయమునందలి స్త్రీపాత్రలను గూర్చి వ్రాయువారు సాధారణముగా రెండు మూసలను సిద్ధపఱచుకొందురు. గడప దాటినది ధీర, దాటనిది పతివ్రత. చలముగారి ‘మైదానము’ (1927) నందలి రాజేశ్వరికి కలిగిన ప్రసిద్ధికి ఈ కొలతయు కొంత కారణమని మా తలంపు. అంతకు పూర్వపు రచనల కీ కొలత చాలదు.

వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ (1880) నందు రుక్మిణి అడవిలో దొంగల దెబ్బకు మూర్ఛిల్లగా, మరణించినదని తలంచి తనవారు విడిచిపోవుదురు. తెలివి వచ్చిన పిదప ఆమె పురుషవేషము దాల్చి తన్ను తాను కాపాడుకొనును. ఇది సాహసమే. కాని యా సాహసము వేషముతో వచ్చి వేషముతోనే పోవుచున్నది. ఒంటరిగా దారి నడచుటకు ఆడుది మగవాడు కావలసిన లోకస్థితిని పంతులుగారు ఉన్నదున్నట్లు చూపిరనవచ్చును, మేమును కాదనము. అయినను వేషము తొలగిన పిమ్మట రుక్మిణి మాటలో ఆ యనుభవపు జాడ మాకంతగా గానరాలేదు.

భండారు అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’ (1902) పైకి పాత మూసయే. బొంబాయిలో నొక పేద యుద్యోగి పండుగనాడు యజమాని సొమ్మును దొంగిలించి యింటికి దెచ్చును. భార్య విజయలక్ష్మి దానిని ముట్టదు, మరల నిప్పించును. ఆమె పాతివ్రత్యమును విడువలేదు, దానినే యాయుధముగ జేసికొన్నది. పతిమాట దాటరాదన్న నియమ మిచట తలక్రిందైనది: ధర్మమేదో నిర్ణయించునది ఆమె, లోబడువాడు అతడు. గురజాడవారి ‘దిద్దుబాటు’ (1910) నందు కమలినియు భర్తను దిద్దినదే; అయితే ఉత్తరము వ్రాసి, మంచము క్రింద దాగి దిద్దినది. విజయలక్ష్మి యెదుట నిలిచి చెప్పినది. ఈ భేదమును మన విమర్శకులు తగినంత పట్టించుకొనలేదు.

స్త్రీలు బలహీనలు, అవివేకులు అను వాదమును ఖండించుటకే అచ్చమాంబగారు స్త్రీల చరిత్రములు సేకరించి, ఆ గ్రంథమునకు ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ యని పేరిడిరి. ఏ పదమును కాదనదలచిరో దానినే నెత్తిపై నుంచుకొనుట వింతయే!

కథాంతమున మంచితనమునకు మెప్పు లభించుటచే ఇది వట్టి నీతికథ యని త్రోసివేయువారు కలరు. ముగింపు విషయమున వారి యాక్షేపణ కొంత న్యాయమే. కాని సొమ్ము వలదన్న గడియలో విజయలక్ష్మికి ఆ ఫలము తెలియదు. ఎదుట నున్నవి లేమియు, భర్త కోపమును మాత్రమే.